నిశాని నాగలక్ష్మమ్మ, సంతకం నాగలక్ష్మమ్మ

వాన పడలేదని ఆకాశం చెబితే సర్కారులో చెల్లదు. తెల్లకాగితం చెప్పాలి. ఎడమవైపు నాలుగువేళ్ల మార్జిను వదిలి మరీ చెప్పాలి. ఈ దేశం నడుస్తున్నది ఆ మార్జిను మీదనే.

గుత్తి దిక్కున ఒకానొక మండల ఆఫీసు గేటు పక్కన నాగలక్ష్మమ్మ అర్జీలు రాసే సంస్థ ఉండేది. యజమాని, గుమాస్తా, బంట్రోతు అన్నీ ఆమే. మొగుడు పోయాక, నలభై ఎనిమిదో ఏట అక్షరాస్యత కేంద్రంలో పలక పట్టిన ఆమె, రెండేళ్లలో మండలంలోని కష్టాలన్నింటికీ చేతిరాత అయింది. పొద్దున శనక్కాయ పంట ఎండిన తిప్పయ్యగా "మహారాజశ్రీ" అని మొదలుపెట్టేది. మధ్యాహ్నానికి బోరులో నీళ్లు పడని మారెప్పగా "చిత్తగించవలెను" అని ముగించేది. (ఒక అధికారి ఆమె రాసిన అర్జీ చదివి కళ్లు తుడుచుకొని, చాలా బాగుందని మెచ్చుకొని, బీరువాలో పెట్టి తాళం వేశారు.)

ఆఫీసు గుమాస్తా సోమప్ప రాత సోమప్పకే అర్థం కాదు. అందువల్ల ప్రభుత్వం తరఫు జవాబులు కూడా ఆమె చేతే రాయించేవాడు. మారెప్పగా బతిమాలిన చేయే, మరుసటి వారం సర్కారై "తమ అర్జీ పరిశీలనలో ఉన్నది" అని మారెప్పకు తెలియజేసేది. ఇరుపక్షాల మధ్య ఎన్నడూ మాట తేడా రాలేదు.

ఇట్లా సాగుతుండగా 1999లో ఆమె ఒక నేరం చేసింది. వితంతు పింఛను రిజిస్టరులో ఏళ్ల తరబడి నిశాని, అంటే బొటనవేలి ముద్ర, వేస్తూ వచ్చిన గడిలో ముచ్చటపడి సంతకం చేసింది. పింఛను ఆగిపోయింది. ఆమె ఇంట్లో బియ్యం ఆ పింఛనువే. అర్జీలు రాయించుకునేవాళ్లు ఇచ్చేవి చాలావరకు దండాలు.

"ఏం పని చేసినావక్కా!" అన్నాడు సోమప్ప. "రిజిస్టరులో ఉండే నాగలక్ష్మమ్మకు సదువు రాదు. నీకొచ్చు. అంటే నువ్వు ఆయమ్మ కాదు."

"నేను కాకపోతే ఆయమ్మ యాడుండాది?"

"నువ్వే చెప్పల్ల. ఆయమ్మ దుడ్లు నువ్వు తీస్కోవాలని చూస్తాండావు."

"ఈ ఏలు ఆయమ్మదే కదప్పా. నిశాని ఏస్తా, ఇటియ్యి."

"సదువొచ్చినోళ్లతో నిశాని ఏపిస్తే నా ఉద్యోగం పోతాది. సర్కులరుండాది."

మార్గం ఒక్కటే ఉందని సోమప్ప దయతో సెలవిచ్చాడు. తనకు చదువు రాదని ఆమె వాంగ్మూలం ఇవ్వాలి. వాంగ్మూలం స్వదస్తూరితో ఉండాలని ఫారం మీద అచ్చయి ఉంది. (ఫారం అచ్చువేయించిన అధికారికి అప్పటికే ప్రమోషన్ వచ్చింది.)

పక్కన నిలబడిన తిప్పయ్య నవ్వాడు. "రాసియ్యక్కా! మాకందరికీ ఎన్నో రాసినావు, నీకొక అబద్ధం రాసుకోలేవా?"

"మీకు రాసినవన్నీ నిజాలేరా తిప్పయ్యా. అందుకేనేమో ఒక్కటీ పాసు కాలేదు."

ఆమె రాయడానికి కూర్చుంది. "నిరక్షరాస్యురాలను" అన్న మాట దగ్గర కలం ఆగింది. కేంద్రంలో ఆ మాటతో పది రోజులు కుస్తీ పట్టింది. అది తప్పు లేకుండా వచ్చిననాడు వీధిలో వాళ్లందరికీ బెల్లం పంచింది. ఇంట్లో బియ్యం డబ్బా గుర్తొచ్చి, ఒక్క ఒత్తు కూడా పోకుండా రాసి ఇచ్చింది.

పెద్దసారు వాంగ్మూలాన్ని రెండుసార్లు చదివారు. "దస్తూరి ముత్యాలే!" అని సంతోషించి ఉత్తర్వు జారీ చేశారు. సాపు ప్రతి యథాప్రకారం నాగలక్ష్మమ్మే రాసింది. "సదరు నాగలక్ష్మమ్మ తనకు చదవను, రాయను రాదని స్వదస్తూరితో రుజువు చేసుకున్నందున పింఛను పునరుద్ధరించడమైనది. ఇకపై ఆమె ఏ కాగితం మీదనూ సంతకం చేయరాదు."

చదువురాని మనిషికి ఉత్తర్వు చదివి వినిపించాకే నిశాని తీసుకోవాలన్నది నియమం. సోమప్ప నిలబడి, గొంతు సవరించుకొని చదివాడు. "పునరుద్ధరించడమైనది" దగ్గర రెండుసార్లు తడబడితే ఆమె అందించింది. ఆ తర్వాత ఎడమ బొటనవేలికి సిరా పూసుకొని, చూపించిన చోట ఒత్తింది.

"చదివి వినిపించగా అర్థమైనదని ఒప్పుకున్నది" అని దాని కింద ఒక వాక్యం ఉండాలి. అది కూడా ఆమే రాసింది.