రాళ్లపేట సబ్‌వే

"రాళ్లపేటలో ఎండ ఎక్కువ. ఎండను తగ్గించడం ప్రస్తుతానికి ప్రభుత్వం చేతిలో లేదు. కాబట్టి రాళ్లపేట ప్రజలు ఇకమీదట భూమి లోపల ప్రయాణం చేస్తారు!"

మంత్రి బదరీనారాయణ గారు లండన్ వెళ్లి వచ్చిన మరుసటి వారమే, రాళ్లపేట బస్టాండు ముందు వేసిన పందిట్లో ఈ ప్రకటన చేశారు. లండన్‌లో ఆయన భూమి లోపల తిరిగే రైలెక్కారు. ఎక్కడ దిగాలో తెలియక ఆ లైను ఈ కొస నుంచి ఆ కొసకు పలుమార్లు తిరిగారు కూడా. సబ్‌వే గురించి అంత లోతుగా అధ్యయనం చేసిన మంత్రి ఇంకొకరు లేరు. ఆ జ్ఞానమంతా ఆయన సొంత ఊరికే ధారపోశారు. లైను బస్టాండు దగ్గర మొదలై తాలూకాఫీసు దగ్గర ఆగుతుంది.

ముందు వరసలో కూర్చున్న ఆదెప్ప తాత లేచి నిలబడ్డాడు.

"సార్, ఈడ బీడీ ముట్టిస్తే, అది ఆరేలోపల తాలూకాఫీసు కాడ ఉంటాము. దానికి రైలేమిటికి సార్?"

"ఆ బీడీ ఎండలో తాగుతున్నావా, నీడలోనా?"

"ఎండలోనే సార్."

"అదే ప్రభుత్వాన్ని నిద్రపోనివ్వని బాధ" అన్నారు మంత్రిగారు, మైకును గుండెకు హత్తుకుని.

పందిరి వెనక నుంచి "బదరీనారాయణ గారికీ..." అని ఒక కేక లేచింది. జై అనడం మరిచిపోయి జనమంతా ఆ గొంతు ఎవరిదా అని వెనక్కి చూశారు. అది మద్దిలేటిది. మద్దిలేటి శనక్కాయల మిల్లులో మూటలు మోసేవాడు. వానల్లేక కాయల్లేవు, కాయల్లేక మిల్లు లేదు. అప్పటినుంచి పార్టీ మీటింగుల్లో జై కొట్టి, వాళ్లు పెట్టిన పొంగలి తిని, ఇంత పెళ్లానికి మూటకట్టుకుపోతూ బతుకుతున్నాడు.

మంత్రిగారు అతన్ని వేదిక మీదికి పిలిపించారు.

"ఏం చదివావు?"

"మూడు దాకా సార్."

"చాలు. లండన్‌లో స్టేషన్ మాస్టర్లకు కావలసింది చదువు కాదు, గొంతు. ఇంతటి గొంతు నేను లండన్‌లోనూ వినలేదు."

అలా మద్దిలేటి రాళ్లపేట సబ్‌వేకి మొదటి స్టేషన్ మాస్టరయ్యాడు. స్టేషన్ తవ్వకముందే అతనికి తెల్లకోటు, టోపీ, ఈల వచ్చాయి. వాటితోపాటు ఒక ప్లాట్‌ఫారం టికెట్ల పెట్టె కూడా దిగింది. ప్రభుత్వంలో ఏ పనీ ఆలస్యం కాదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి!

ఆ సాయంత్రం కోటు తొడుక్కుని ఇంటికెళ్లేసరికి అతని పెళ్లాం తిప్పమ్మ చిత్రావతి నుంచి అప్పుడే వస్తోంది. ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడి, కడవ నింపుకుని రావడానికి ఆమెకు పొద్దంతా పట్టేది. కడవ దించి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా ఈ యేషం?"

"స్టేషన్ మాస్టర్ని చేసినారే నన్ను."

"రైలు యాడుండాది?"

"వస్తాది."

"స్టేషను?"

"అదీ వస్తాది. ముందు నేనొచ్చినా."

తిప్పమ్మ నవ్వింది. ఆమె నవ్వి చాలా కాలమైంది. ఆ నవ్వు కోసమైనా ఈ ఉద్యోగం నిలబెట్టుకోవాలనుకున్నాడు మద్దిలేటి.

కరువు పని కింద తవ్వకం మొదలైంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు సోమశేఖర్ గొడుగు కింద కుర్చీ వేసుకుని పని చేయించాడు. దిగడానికి రాతి మెట్లు కట్టారు, కింద ప్లాట్‌ఫారం కట్టారు, పట్టాలు వేయడానికి పొడుగాటి గుంత తీశారు. ఒక మధ్యాహ్నం గుంత చివర బండ పగలగొడుతున్న కూలీలు ఉన్నట్టుండి గడ్డపారలు వదిలేసి కేకలు పెట్టారు.

బండ చీలికలోంచి నీళ్లు! తెల్లగా, చల్లగా, మోకాలి మందాన ఉబికి వస్తున్నాయి. కూలీలు అందులో పడి పొర్లారు. పైన జనం ఒకరి మీద ఒకరు పడి తొంగి చూశారు. మద్దిలేటి ఆనందం పట్టలేక ఈల ఊదాడు.

సోమశేఖర్ ఒక్కడే తల పట్టుకున్నాడు. "లీకేజీ!" అన్నాడు నీరసంగా. పరుగున వెళ్లి హైదరాబాదుకు తంతి కొట్టాడు: "రైలు మార్గంలో నీరు అడ్డం వచ్చింది. తగు ఉత్తర్వులు కోరుతున్నాను."

ఉత్తర్వులు రావడానికి ఎంత కాలం పడుతుందో తెలిసిన ఆడవాళ్లు తెల్లారేసరికి కడవలతో మెట్ల దగ్గరున్నారు. అందరికంటే ముందు తిప్పమ్మ. మద్దిలేటి చేతులు అడ్డం పెట్టాడు.

"టికెట్టు లేకుండా ప్లాట్‌ఫారం మీదికి ఎవురూ పోగూడదు. రూలు."

"మేము రైలుకు రాలేదప్పా, నీళ్లకొచ్చినాము."

"నీళ్లకు టికెట్టు లేదు. ప్లాట్‌ఫారానికి ఉండాది."

తిప్పమ్మ కొంగు ముడి విప్పి నయాపైస తీసింది. మద్దిలేటి మహా గంభీరంగా మొదటి టికెట్టు చించి పెళ్లాం చేతిలో పెట్టాడు. "తోసుకోవద్దండీ! దిగేవాళ్లు ఎడమ పక్క, ఎక్కేవాళ్లు కుడి పక్క!" అని అతను వేసిన కేక తాలూకాఫీసు దాకా వినిపించింది. రాళ్లపేట సబ్‌వే పనిచేయడం మొదలైంది.

ఎంత బాగా పనిచేసిందంటే, చుట్టుపక్కల పల్లెల వాళ్లు బత్తలపల్లె బస్సు దిగి మరీ వచ్చేవాళ్లు. ఆడవాళ్లు ఖాళీ కడవలతో దిగి నిండు కడవలతో ఎక్కేవాళ్లు. తిప్పమ్మకు ఏటికి పోయే పని తప్పింది. కాళ్ల పగుళ్లు మానాయి. పెరట్లో సొరపాదు పెట్టింది. మొగుడి తెల్లకోటు ఉతికి, గంజి పెట్టి, "మాస్టరు గారూ, పనికి పోండి" అని వేళాకోళం చేసేది. మద్దిలేటి కడుపునిండా నీళ్లు తాగి, గొంతు సవరించుకుని స్టేషన్‌కు వెళ్లేవాడు. మిల్లులో ఉండగా కూడా అతనికి అంత బాగా నిద్రపట్టలేదు.

ఈ విజయగాథను మంత్రిగారే స్వయంగా శాసనసభలో వినిపించారు. "ఇంతవరకు ఒక్క ప్రమాదం లేదు. ఒక్క రైలూ ఆలస్యం కాలేదు. ఈ ఘనత లండన్‌కు కూడా లేదు!"

"అసలు అక్కడ రైలే లేదటగా?" అన్నాడు ప్రతిపక్ష సభ్యుడొకాయన.

"రైలు లేకుండానే ఇంతమంది ప్రయాణిస్తుంటే, రైలు వస్తే ఎంతమంది ప్రయాణిస్తారో గౌరవ సభ్యులు ఊహించుకోవచ్చు" అన్నారు మంత్రిగారు. బల్లలు మారుమోగాయి. పట్టాలు వేయడానికి అనుమతి అక్కడికక్కడే దొరికింది.

మరుసటి వారం సోమశేఖర్ సిమెంటు లారీలతో, నీళ్లు తోడే ఇంజన్లతో దిగాడు. తోడిన నీళ్లు ఊరి బయట బీట్లో వదిలారు. ఎర్రమట్టి ఆ నీళ్లను చూస్తూండగానే తాగేసింది.

మద్దిలేటి టోపీ చేత పట్టుకుని ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు.

"సార్, నీళ్లు మూసేస్తే జనం రారు సార్."

"రైలుకు జనం ఎందుకు రారయ్యా?"

"వాళ్లొచ్చేది నీళ్లకు సార్."

సోమశేఖర్ అతన్ని జాలిగా చూశాడు. "ఇది రవాణా శాఖ, మద్దిలేటీ. నీళ్లు వేరే శాఖ. వాళ్ల పనిలో మనం వేలు పెడితే బాగుంటుందా?"

మద్దిలేటి టోపీ మళ్లీ తల మీద పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

సిమెంటు పోసే వేళకు కింద తిప్పమ్మ ఒక్కతే మిగిలింది. కడవ సగం నిండింది. "నువ్వే పైకి పంపు" అన్నాడు సోమశేఖర్. మద్దిలేటి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు. కేక వేయలేదు. ఈల ఊదలేదు.

"తిప్పమ్మా, టికెట్టు టైమైపోయిందే. పైకి రా."

తిప్పమ్మ వంచిన తల ఎత్తి, కోటునీ టోపీనీ ఒకసారి చూసింది. సగం కడవ చంకనెత్తుకుని మెట్లెక్కింది. ఆ రాత్రి నుంచి ఆమె మొగుడికి అన్నం పెట్టేది గాని, మాట మాత్రం పెట్టేది కాదు. కోటు ఉతకడం మానేసింది. సొరపాదు ఎండింది. ఆమె మళ్లీ ఏటి దారి పట్టింది.

సిమెంటు ఆరింది, పట్టాలు మెరిశాయి, జనం మాత్రం రాలేదు. రైలు కూడా రాలేదు. సంగతేమిటో విచారించడానికి వేసిన కమిటీ, రాళ్లపేట ప్రజల్లో ప్రయాణాసక్తి హఠాత్తుగా సన్నగిల్లిందని తేల్చింది. మద్దిలేటి ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కూర్చుని, తన దగ్గుకు తనే ఉలిక్కిపడుతూ కాలం గడిపాడు.

ఇంతలో ఈ సబ్‌వే కీర్తి ఢిల్లీ చేరింది. లైనును మడకశిర వరకూ, తనకల్లు వరకూ పొడిగించవచ్చా అని చూడడానికి ఒక పెద్ద అధికారి బయల్దేరాడు. మంత్రిగారు హుటాహుటిన వచ్చి మద్దిలేటిని పట్టుకున్నారు.

"ప్రయాణికులు ఎప్పటిలాగే ఉండాలి. ఆడవాళ్లందరినీ ఇంటి దగ్గరే కడవ నింపుకుని రమ్మను. దిగాలి, ఎక్కాలి. లేకపోతే స్టేషన్ ఉండదు, నువ్వూ ఉండవు."

మద్దిలేటి ఇంటికెళ్లి ఈ సంగతి గోడకు చెబుతున్నట్టు చెప్పాడు. చాలా రోజుల తర్వాత తిప్పమ్మ నోరు విప్పింది.

"నిండు కడవా? యాడనుంచి తెచ్చేది?"

మద్దిలేటి తల వంచుకున్నాడు. తిప్పమ్మే మళ్లీ, "పోనీలే, వస్తాము. నీ కొలువు పోగొట్టి నేనేం బాగుపడతా" అంది.

అన్నట్టే వచ్చారు. ఖాళీ కడవల మూతులకు తెల్లగుడ్డలు కట్టుకుని, వరసగా దిగారు, వరసగా ఎక్కారు. ఢిల్లీ పెద్దాయన మెచ్చుకుంటూ ప్లాట్‌ఫారం మీదికి దిగేసరికి చెమటతో తడిసిపోయాడు. కింద గాలి లేదు. గొంతు పట్టుకుని "పానీ" అన్నాడు.

మంత్రిగారు దగ్గరలో ఉన్న కడవను చూపించారు. అది తిప్పమ్మది. "అమ్మా, అయ్యగారికి మన సబ్‌వే నీళ్లు పొయ్యి. అమృతంలాంటివి."

ఎవరో గాజుగ్లాసు అందించారు. తిప్పమ్మ గుడ్డ విప్పింది. కడవ వంచింది. ఒక గ్లాసు నిండడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ వంచి పట్టుకుంది. తర్వాత కడవ దించి, గ్లాసు రెండు చేతులా అందించింది.

పెద్దాయన గ్లాసులోకి చూశాడు. మంత్రిగారి వైపు చూశాడు. మంత్రిగారు గ్లాసు వైపు గర్వంగా చూస్తున్నారు. ఫోటో తీసేవాడు దగ్గరికి జరిగాడు. పెద్దాయన గ్లాసెత్తి, గుటకలు వేసి, పెదాలు తుడుచుకుని, "బహుత్ అచ్ఛా" అన్నాడు. మంత్రిగారు కూడా ఒక గుక్క తాగి, గ్లాసు మద్దిలేటికి ఇచ్చారు.

"ఎలా ఉన్నాయి, మాస్టరు గారూ?" అని అడిగారు మంత్రిగారు.

మద్దిలేటి తాగాడు. చెంప మీంచి జారిన తడి నాలుకకు తగిలింది. అతను తిప్పమ్మ వైపు చూశాడు.

"కొంచిం ఉప్పగుండాయి సార్."

మంత్రిగారి మొహం మారిపోయింది. "ఉప్పా? ఉప్పెలా వచ్చింది?" అని ఇంజనీరు మీద మండిపడ్డారు. సోమశేఖర్ హడావిడిగా సంచీలోంచి ఖాళీ సీసా ఒకటి తీశాడు.

"ఇప్పుడే పట్టుకెళ్లి హైదరాబాదులో పరీక్ష చేయిస్తాను సార్" అంటూ మూత తీసి పట్టుకున్నాడు.

తిప్పమ్మ మళ్లీ కడవ వంచింది.