హాల్లో డెబ్బై అయిదు అంగుళాలు

హాల్లో పెద్ద టీవీ పెట్టుకుంటానని సువర్చల పెట్టిన అర్జీ మీద సోఫా, షోకేసు, దివాన్ కాటు వేర్వేరుగా అభ్యంతరాలు దాఖలు చేశాయి. మూడింటిలో షోకేసు దస్తూరీయే బాగుంది. ఆ పట్టణంలో ఇదేం కొత్త సంగతి కాదు. పన్నెండేళ్ళు ఒకేచోట కదలకుండా ఉన్న సామానుకు ఆ చోటు మీద హక్కు వస్తుంది. దాన్ని జానెడు జరపాలన్నా పదిహేను రోజుల ముందు నోటీసు అంటించి, గది అమరిక కార్యాలయం సర్వేయరు ఎదుట దాని వాంగ్మూలం తీసుకోవాలి. బీరువాలు ముక్తసరిగా మాట్లాడతాయని, మంచాలకు నోరెక్కువని ఆ కార్యాలయంలో చాలాకాలం పనిచేసినవాళ్ళు చెబుతారు.

సువర్చలకు నలభై ఎనిమిదేళ్ళు. భర్త జోగారావు విత్తనాల గిడ్డంగిలో మేనేజరు. రైల్వే గేటు దగ్గర మూడో అంతస్తులో వాళ్ళ ఫ్లాటు. నాలుగేళ్ళుగా ఆమె కంప్యూటర్లో లారీ నడుపుతోంది. ఆట పేరు చెప్పినా జోగారావుకు గుర్తుండదు కనుక ఇంట్లో దాన్ని లారీ అనే అంటారు. నలభై టన్నుల ఇనుముతో మంచు కొండలెక్కి దిగాలి. వంటగట్టు మీద మిక్సీకీ పోపుల డబ్బాకీ మధ్య పద్నాలుగు అంగుళాల లాప్‌టాప్ పెట్టుకుని, నిలబడి, కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ ఆమె ఆ కొండలెక్కేది. అలా నిలబడే రాష్ట్రంలో ఆరో స్థానానికి వచ్చింది.

వచ్చే నెల రెండో ఆదివారం జాతీయ పోటీ. ఆపకుండా నాలుగు గంటలు నడపాలి. ఆ చిన్న తెరలో ఎదురొచ్చే బస్సు చీమంత కనిపిస్తుంది. అది బస్సని తెలిసేసరికి లారీ లోయలో ఉంటుంది. పైగా నాలుగు గంటలు నిలబడటం ఆమె మోకాళ్ళ వల్ల కాదు. పెద్ద టీవీ కావాలి, స్టీరింగు బిగించుకునే బల్ల కావాలి, హాల్లో కూర్చోవడానికి చోటు కావాలి. పోటీలో ఓడిపోతే పోనీ, చోటు లేక మానుకోవడం మాత్రం జరగకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

టీవీ ఎంచుకోవడం కష్టం కాలేదు. టేపు, కాగితం మీద గీసిన హాలు ప్లాను పట్టుకుని షోరూముకు వెళ్ళింది. అక్కడి సేల్స్‌మన్ చంటిబాబు ఎదురొచ్చాడు.

"సార్ ఏం చూస్తారు మేడమ్? క్రికెట్టా, వార్తలా?"

"సార్ సంగతి కాదండి. నేను లారీ నడుపుతాను."

చంటిబాబు తొణక్కుండా ఆమెను నలభై మూడు అంగుళాల వరస దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు ఎక్కువగా ఇవే తీసుకుంటారని, తుడుచుకోవడం తేలికని చెప్పాడు.

"నేను తొమ్మిది అడుగుల దూరంలో కూర్చుంటానండి. ఇదైతే మళ్ళీ ఆ లాప్‌టాప్ చూసినట్టే ఉంటుంది" అంది సువర్చల.

తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో అడిగింది. స్టీరింగు తిప్పాక లారీ తిరగడానికి ఎంతసేపు పడుతుందో అడిగింది. అరవై అయిదు అంగుళాల టీవీ ముందు పావుగంట నిలబడి, మలుపుల్లో బొమ్మ అలుక్కుపోతోందని పక్కన పెట్టించింది. బాల్కనీ ఎండ పడితే తెర మెరుస్తుందేమోనని చంటిబాబు చేత సెల్‌ఫోన్ లైటు వేయించి మరీ చూసింది. చివరికి డెబ్బై అయిదు అంగుళాలది ఖాయం చేసింది. దాని వెడల్పు అయిదున్నర అడుగులు. షోకేసున్న గోడకు తప్ప అది ఇంకెక్కడా పట్టదు. బల్ల వేయాల్సింది సోఫా ఉన్నచోట. సోఫా దివాన్ కాటు స్థానంలోకి, దివాన్ కాటు పడకగదిలోకి వెళ్ళాలి. ఆమె మూడింటికీ నోటీసులు అంటించింది.

విచారణకు సర్వేయరు గవర్రాజు టేపు, రిజిస్టరు, రబ్బరు స్టాంపులతో వచ్చాడు. ఇచ్చిన మజ్జిగ తాగి పని మొదలుపెట్టాడు. జోగారావు సోఫాలో కూర్చుని ఉన్నాడు.

"లేవండి మేస్టారూ. సాక్షి మీద కూర్చోకూడదు" అన్నాడు గవర్రాజు.

జోగారావు లేచి గోడవారన నిలబడ్డాడు. సొంత హాల్లో నిలబడటం అలవాటు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

ముందుగా షోకేసును పిలిచారు. తనలో పెళ్ళికి వచ్చిన డిన్నర్ సెట్టు ఉందని, అది వచ్చేపోయేవాళ్ళకు ఎదురుగా కనపడాలని, పక్కకు జరిపితే కనపడదని అది చెప్పింది. ఆ సెట్టులో ఎప్పుడన్నా అన్నం తిన్నారా అని గవర్రాజు అడిగాడు.

"తింటే పాడైపోదాండీ" అంది షోకేసు మర్యాదగానే.

దివాన్ కాటు నలభై నిమిషాలు మాట్లాడింది. ఎవరెవరు ఏ వేసవిలో తన మీద పడుకున్నారో, ఎవరు గురక పెట్టారో అంతా చెప్పుకొచ్చింది. గవర్రాజు దాన్ని రెండు లైన్లలో రాసుకున్నాడు. పడకగదిలో కొత్త ఫ్యాను ఉందని తెలిశాక అది అభ్యంతరం వెనక్కి తీసుకుంది.

చివర సోఫా. హాలు మార్చమని అడగాలంటే అర్జీదారు ఆ హాల్లో కనీసం పన్నెండేళ్ళుగా కూర్చుంటూ ఉండాలి. ఆ సంగతి తేల్చాల్సింది సోఫాయే. ఈవిడ ఎన్నాళ్ళుగా నీ మీద కూర్చుంటున్నారని గవర్రాజు అడిగాడు.

"సారు బరువు చెప్పగలనండి. నేనొచ్చినప్పుడు అరవై ఎనిమిది కేజీలు, ఇప్పుడు ఎనభై నాలుగు. పక్కింటి ప్లీడరు గారు తొంభై. ఇన్సూరెన్సు ఆయన ఒక్కసారే వచ్చారు, డెబ్బై ఒకటి. ఈవిడ బరువు నాకు తెలీదండి."

"అదేంటి, కూర్చోవద్దని ఎవరన్నారు? నేనెప్పుడూ అనలేదే" అన్నాడు జోగారావు.

అతను అన్నది నిజమే. ఎవరూ అనలేదు. ఆమె కాఫీలు తెచ్చింది, గ్లాసులు తీసింది, సోఫా కవర్లు ఉతికి ఆరేసి మళ్ళీ తొడిగింది. వచ్చినవాళ్ళు కూర్చోమ్మా అంటే పర్వాలేదండి అని నిలబడింది. ఇరవై మూడేళ్ళ పర్వాలేదులు అన్నీ ఇప్పుడు ఒకేసారి రిజిస్టరులోకి ఎక్కాయి.

అప్పుడు వంటింటి గుమ్మం ఎవరూ పిలవకుండానే మాట్లాడింది. "నాకు తెలుసండి. ఎడమ భుజం నాకానించే నిలబడతారు. ఇరవై మూడేళ్ళు. ఇక్కడ రంగు కూడా పోయింది, చూసుకోండి."

గవర్రాజు వెళ్ళి రంగు పోయినచోట టేపు పెట్టి కొలిచాడు. అడుగుంపావు వచ్చింది. కానీ గుమ్మం వంటింటి లెక్కలోకి వస్తుందని, హాలుకు చెల్లదని చెప్పాడు. సువర్చలకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తేలక, ఆ కోపాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

"మరి నేనేం చెయ్యాలండి?"

"ఇయ్యాళ్టి నుంచి కూర్చోండమ్మా. పన్నెండేళ్ళకి హక్కొస్తుంది."

"పోటీ పద్దెనిమిది రోజుల్లో ఉందండి."

గవర్రాజు చెడ్డవాడు కాదు. రిజిస్టరు మూసి గొంతు తగ్గించాడు. "సామానుకైతే ఈ పట్టింపులేం లేవమ్మా. కొత్త సామాను బిల్లుతో వస్తే ఆ రోజే హక్కుతో సహా చోటివ్వాలి, పాతవి సర్దుకోవాలి. టీవీకిస్తాం, బల్లకిస్తాం, కుర్చీకిస్తాం. మనుషులకే ఆ రూలు లేదు."

"కుర్చీ అనిపించుకోడానికి ఏం కావాలండి?"

"బిల్లులో ఉండాలి. నాలుగు కాళ్ళుండాలని ఎక్కడా రాయలేదు."

మర్నాడు పొద్దున్నే సువర్చల షోరూములో ఉంది. చంటిబాబు బిల్లు రాశాడు. డెబ్బై అయిదు అంగుళాల టీవీ ఒకటి, బల్ల ఒకటి, స్టీరింగు ఒకటి, గేమింగ్ కుర్చీ ఒకటి.

"కుర్చీ రంగు, మేడమ్?"

ఆమె తన చీర చూసుకుని నీలమని చెప్పింది.

"వెనక్కి వాలుతుందా?" అని చంటిబాబు అడిగాడు.

"అలవాటు లేదండి."

వాలదు అని అతను రాసుకున్నాడు. ఏడాది గ్యారంటీ కాగితం మీద స్టాంపు వేసిచ్చాడు. సామాను ట్రాలీ ఆటోలోనే రావాలి కనుక ఆమె కూడా అందులోనే వచ్చింది. టీవీ పెట్టెను పడుకోబెట్టకూడదంటారు కాబట్టి రైల్వే గేటు దాకా దాన్ని నిలబెట్టి పట్టుకుంది. ఇంటి దగ్గర జోగారావు రసీదు మీద సంతకం చేశాడు. సామాను నాలుగూ దెబ్బలు తగలకుండా చేరినట్టు అందులో ఉంది.

సాయంత్రానికి హాలు తయారైంది. షోకేసు సణుక్కుంటూ మూలకు జరిగింది. టీవీ గోడకెక్కింది. బాల్కనీ తలుపుకు మందపాటి తెర పడింది. కళ్ళకు శ్రమ లేకుండా టీవీ వెనక చిన్న దీపం వెలిగింది. సరిగ్గా తొమ్మిది అడుగుల దూరంలో, బల్ల వెనక, గవర్రాజు సుద్దతో గీసిన చతురస్రంలో సువర్చల కూర్చుని లారీ తీసింది. ఎదురొచ్చే బస్సు డ్రైవరు కళ్ళజోడు పెట్టుకుంటాడని నాలుగేళ్ళలో ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమెకు చాలా సంతోషం వేసింది.

పొద్దున జోగారావు అలవాటుగా కాఫీ అన్నాడు. తర్వాత సుద్ద గీత చూశాడు. కుర్చీని కాఫీ అడగడం తనకే బాగాలేదనిపించి వంటింట్లోకి వెళ్ళి పాలగిన్నె వెతుక్కున్నాడు. స్నానం చేసి వచ్చి తడి తువ్వాలు ఆమె భుజాల మీద ఆరేశాడు. ముడతలు లేకుండా సర్ది మరీ ఆరేశాడు. తువ్వాలు చల్లగా వీపంతా తడిపింది. సోఫా ఇంతకంటే ఎక్కువే మోస్తోంది కదా అనుకుంది సువర్చల.

ఆ వారంలో జోగారావు పెద్దన్నయ్య వచ్చాడు. సోఫాలో కూర్చుని, సువర్చల కనిపించదేమని అడిగాడు.

"ఇక్కడే ఎక్కడో ఉండాలి అన్నయ్యా" అన్నాడు జోగారావు. అబద్ధం చెబుతున్నానని అతనికి అనిపించలేదు.

పెద్దన్నయ్య వెళ్ళేముందు కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టి, గట్టి సామానే అని మెచ్చుకున్నాడు.

పోటీ ఆదివారం వచ్చింది. సువర్చల నాలుగు గంటలు ఆపకుండా నడిపింది. ఇద్దరు తప్ప దేశంలో అందరూ ఆమె వెనకే ఉన్నారు. ప్రశంసాపత్రం సామాను పేరు మీద ఇవ్వడం కుదరదని దాన్ని ఇంటి యజమాని పేరు మీద పంపారు. జోగారావు దానికి ఫ్రేము కట్టించాడు. వచ్చినవాళ్ళు అభినందిస్తే మొహమాటపడుతూ అందుకున్నాడు.

నెల తిరిగేసరికి హోటల్ ఇడ్లీతో అతని కడుపు చెడింది. తిన్నగా గది అమరిక కార్యాలయానికి వెళ్ళి, రోజూ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా సదరు కుర్చీని వంటింట్లోకి మార్చుకునేందుకు అర్జీ పెట్టాడు. నోటీసు తెచ్చి జిగురు రాసి సువర్చల ఎడమ చేతికి అంటించాడు. పదిహేను రోజులాగి గవర్రాజు వచ్చాడు.

"కదలడానికి అభ్యంతరమేమన్నా ఉందామ్మా?"

"ఉందండి" అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండా.

"కారణం?"

"కొండ మీదున్నానండి. దిగడానికి మూడు గంటలు పడుతుంది."

కారణం సరైనదని గవర్రాజు రాశాడు. అర్జీ కొట్టేశాడు. జోగారావుకు ఉక్రోషం వచ్చింది.

"ఇరవై మూడేళ్ళు వంటింట్లోనే ఉందండి. ఒక్కనాడు నోటీసిచ్చానా నేను?"

"అప్పుడు భార్య కదా మేస్టారూ. భార్యని కదపడానికి నోటీసక్కర్లేదు" అన్నాడు గవర్రాజు.

ఆ తర్వాత నియమం ప్రకారం సువర్చల వైపు తిరిగాడు. ఆమె కోరుకుంటే మళ్ళీ మనిషిగా నమోదు చేస్తామని, ఫారం ఉచితమని చెప్పాడు. ఈ నెలలో ఈ ఒక్క వీధిలోనే పదకొండు కుర్చీలకు చోటు రాశానని, ఆ ఫారం మాత్రం ఎవరూ అడగలేదని కూడా చెప్పాడు. జోగారావు ఆశగా ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఇడ్లీ బాధే కాదు, కొంచెం ప్రేమ కూడా ఉంది. సువర్చల అది గమనించి లారీని రోడ్డు పక్కన ఆపింది.

"మనిషిగా రాయించుకుంటే నేను హాల్లో ఎక్కడ కూర్చోవాలండి?"

గవర్రాజు రిజిస్టరు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అది రాయడానికి ఇందులో గడి లేదమ్మా."

"అయితే ఇలాగే ఉంచండి" అని సువర్చల లారీని మళ్ళీ రోడ్డు మీదికి తీసింది.