పదివేలో అతిథి

ఎవరూ తొంగిచూడని సొంత వెబ్‌సైటుకు మించిన భాగ్యం ఈ లోకంలో లేదు! నవ్వకండి. పాతికేళ్లు ఒకటి నడిపినవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

ఇప్పటివాళ్లు ఫోన్లో అన్నం ఫొటో పెట్టగానే నాలుగువేలమంది బొటనవేళ్లు చూపిస్తారు. పాపం, ఆ రద్దీలో ఎలా బతుకుతున్నారో! నాకు ఆ బెడద ఏనాడూ లేదు.

మా జపాన్‌లో మత్సుమోతో అనే ఊరి పోస్టాఫీసులో గుమస్తాగా ఉన్న రోజుల్లో, దిండంత లావు పుస్తకం కొనుక్కుని వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. ఎక్కడో ఒక్క బ్రాకెట్టు మూయడం మరిచాను, పేజీలో అక్షరాలన్నీ గుమ్మడికాయలంత అయ్యాయి. దాన్ని పట్టుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఓపిక నేర్చుకోవడానికి గుళ్లో ధ్యానం దేనికండీ?

నా సైటు రైల్వేస్టేషన్లలో అమ్మే భోజనం డబ్బాల గురించి. ఏ ఊరి డబ్బాలో ఏ చేప, ఎంత అన్నం, దాని మీద ఊరబెట్టిన ప్లమ్ పండు ఎటు వాలి ఉందో కూడా రాశాను.

అప్పట్లో ప్రతి సైటుకూ వచ్చినవాళ్లను లెక్కపెట్టే కౌంటర్ ఉండేది. వెయ్యి, ఐదువేలు, పదివేలు లాంటి గుండ్రటి అంకె ఎవరికి పడిందో వాళ్లు సైట్లోనే ఉండే అతిథి పుస్తకంలో పేరు చెప్పుకోవాలి. అది మర్యాద. చెప్పకుండా జారుకుంటే ‘అంకె తొక్కి పారిపోయినవాడు’ అని ముద్ర వేసేవాళ్లం. నేనూ ఎర్రక్షరాల్లో బోర్డు పెట్టాను: తొక్కి పారిపోవడం నిషిద్ధం! పారిపోవాలంటే ముందు రావాలి కదా అంటారా? అదేగా నా భాగ్యం!

అయినా కౌంటర్ పెరుగుతూనే ఉండేది. ఎవరైనా వచ్చారేమోనని నేను చూసినప్పుడల్లా ఒకటి పెరిగేది మరి. వెయ్యో అతిథిని నేనే. ఐదువేలో అతిథినీ నేనే. రెండుసార్లూ వినయంగా సంతకం పెట్టి, నన్ను నేను అభినందించుకున్నాను.

పదివేలు మాత్రం నాకు పడకూడదనుకున్నాను. ఒక్క మనిషి వస్తే చాలు! అంకె 9,999 కాగానే కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశాను. పదకొండు రోజులు తిండి సయించలేదు.

“ఏమైందండీ? కడుపులో బాలేదా?” అంది నా భార్య మిత్సుయో.

“పదివేలో మనిషి కోసం చూస్తున్నా. నువ్వు దాన్ని ముట్టుకోకు.”

“ముట్టుకుంటే ఏం, పేలుతుందా?”

పన్నెండో రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి గుడ్డ చక్కగా మడతపెట్టి ఉంది. సైటు తెరిచాను. కౌంటర్లో 10,001! వెంటనే అతిథి పుస్తకం చూశాను.

“మొదటిసారి వచ్చాను. పదివేలు నాకే పడింది. నిబంధన ప్రకారం చెప్పుకుంటున్నాను. రెండువందల పన్నెండు డబ్బాల గురించీ చదివాను. ఎంత శ్రద్ధండీ! ఒక్క సందేహం. పంతొమ్మిదేళ్లుగా నేను కట్టిచ్చే డబ్బా రోజూ తిని, ఒక్క మాటైనా అనకుండా ఖాళీది సింకులో పడేసే మనిషిని మీ సైట్లో ఏమంటారు? – మిత్సుయో.”

చూశారా? అందుకే చదివేవాళ్లు లేకపోవడమే మేలంటున్నాను. వచ్చింది ఒక్కరు, నా బండారమంతా బయటపెట్టారు!

పోయిన మార్చిలో నా సైటుకు ఉచితంగా చోటిచ్చిన కంపెనీ మూతపడి, నా పేజీలన్నీ గాలికి పోయాయి. పోనివ్వండి, ఎవరు చూశారు గనక! మీ నాలుగువేల బొటనవేళ్లు మీరే ఉంచుకోండి. నా దిగులల్లా ఆ ఒక్క సంతకం గురించే. దాని కింద జవాబు రాయాలని రోజూ అనుకున్నాను, మాటలు కుదరక ఇన్నేళ్లూ వాయిదా వేశాను. ఇప్పుడిక చెప్పాలంటే వంటింట్లోకి నడిచి వెళ్లి, ఎదురుగా నిలబడి చెప్పాలి.

అంత ప్రోగ్రామింగ్ నాకు రాదండీ!