మంచినీళ్ల పరీక్ష

దెబోరాకు తెలివి తగ్గింది మర్యాద వల్ల. ఇందులో వాదనకు తావు లేదు. న్యూజెర్సీలో ఒక విద్యామండలి ముద్ర వేసి మరీ తేల్చిన సంగతి.

ఆ మండలి లెక్కలో బుద్ధిమాంద్యానికి నాలుగు మెట్లు: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, అతి తీవ్రం. తెలివి పరీక్షలో డెబ్భైకి పైన మార్కులొస్తే మనిషి. కిందికొస్తే మెట్టు. (సరిగ్గా డెబ్భై వచ్చినవాళ్ల కోసం ఒక ఉపసంఘం ఉంది.) దెబోరాది మొదటి మెట్టు. ఇంటి దగ్గరి బడికే వెళ్లేది, కీర్తనలు కూడబలుక్కుని చదివేది. రెండో మెట్టుకు దిగితే బడి మారుతుంది. అక్కడ చదువు చెప్పరు, కవర్లు అంటించడం నేర్పుతారు. భార్య పోయాక తండ్రి ప్రేమానందానికి మిగిలింది కూతురి ఆ కూడబలుక్కునే చదువొక్కటే.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో తీవ్రతా నిర్ధారణ ఉపాధికారిణి ఇంటికొచ్చింది. మార్కులొక్కటే చాలవట, ఇంటి పనులూ చూడాలట. చర్చి పెద్ద సుందర్ రాజ్ ఆవిడ ప్రశ్నలను తెలుగు చేశాడు.

"పాప స్టవ్ వెలిగిస్తుందా అంటోంది."

"నేనుండగా పిల్ల చెయ్యి కాల్చుకోవడమేంటి అన్నయ్యగారూ!"

"ఒక్కతే షాపుకెళ్తుందా?"

"ఆడపిల్లని ఒంటరిగా పంపే ఇల్లు కాదని చెప్పండి."

ఆవిడ రెండు సున్నాలు చుట్టింది.

"తమ్ముడూ, ఇక్కడ ఇలా చెప్తే మార్కులు పోతాయయ్యా. వెళ్తుందని చెప్పు."

"చర్చి పెద్దలై ఉండి అబద్ధమాడమంటారా?"

చివరి పరీక్ష: గ్లాసులో నీళ్లు పోసుకుని తాగాలి. దెబోరా గ్లాసు కడిగింది, చుక్క ఒలకకుండా నింపింది, రెండు చేతులా తెచ్చి అధికారిణికిచ్చింది.

"తాగండి ఆంటీ."

"నో, నువ్వు తాగాలట."

"మీరు తాగాక."

ఆవిడ రాసుకుంది: ఆదేశం అర్థం కాలేదు, బంధువులెవరో పరాయివాళ్లెవరో తెలియదు. (నీళ్లు మాత్రం తాగింది.)

ఫలితం, మధ్యస్థం.

సుందర్ రాజ్ అప్పీల్ ఫైల్ చేయించాడు. ప్రేమానందం రోజూ కూతురిని ఎదురుగా నిలబెట్టి, ఎవరికీ ఇవ్వకుండా తాగడం నేర్పాడు. మొదట్లో పిల్ల ఏడ్చింది. రెండో పరీక్షలో అధికారిణి వైపు చూడనైనా చూడకుండా గ్లాసు ఖాళీ చేసింది. మండలి సంతోషించి, పురోగతి అని రాసి, స్వల్పానికి ఎక్కించింది. బడి నిలిచింది.

ఆ ఆదివారం ఎండలో నడిచొచ్చిన సుందర్ రాజ్ మంచినీళ్లడిగాడు. దెబోరా గ్లాసు నింపి, ఆయన ముందే నిలబడి, తనే గటగటా తాగేసింది.

"ఇదేంటి తమ్ముడూ?" అన్నాడాయన బిత్తరపోయి.

"తెలివొచ్చింది," అన్నాడు ప్రేమానందం. "ఇంకెప్పుడూ నా దగ్గర ఆ పరీక్ష మాట ఎత్తకండి."