తోర్‌లో కూర్చున్న లోడర్

మానవ నాగరికత సాధించిన ఘనకార్యాల్లో నిప్పు, చక్రం తర్వాతి స్థానం కప్పు ఉన్న ఉప్పు గోదాముదేనని మా నగర రోడ్ల శాఖ కిందటి వేసవిలో ఏకగ్రీవంగా తీర్మానించింది. (నిప్పు విషయంలో ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. ఆయన అగ్నిమాపక శాఖ నుంచి వచ్చినవాడు.)

ఆ తీర్మానానికి అందరికంటే ఎక్కువ పొంగిపోయినవాడు రోడ్ల యార్డు మేనేజర్ ఓరల్‌బై. ఉత్తర కజకస్తాన్‌లో చలికాలం ఉప్పు చల్లని రోడ్డు రోడ్డు కాదు, జారుడుబల్ల. పైగా మా ప్రసూతి ఆసుపత్రిని ఏ మహానుభావుడు కట్టించాడో గానీ, నిటారు వాలు రోడ్డు చివర కట్టించాడు. అంతకుముందు చలికాలం అంబులెన్సు సగం దూరం ఎక్కి, వెనక్కి జారి, రొట్టెల దుకాణం ముందు ఆగింది. (డ్రైవరు దిగి రొట్టె కొనుక్కున్నాడంటారు. విచారణలో అది తేలలేదు.) ఈసారి ఆ వాలు ఎక్కాల్సింది ఓరల్‌బై కూతురు ఆక్మరల్. నవంబరులో కాన్పు. అందుకే ఆయన గోదాము కోసం ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు.

గోదాము లేచింది. ఉప్పును తోడి లారీల్లో పోయడానికి ముందు పెద్ద తొట్టి ఉన్న కొత్త లోడర్ కూడా వచ్చింది. ఉపమేయర్ బెయ్‌బిత్ రిబ్బను కత్తిరించాడు. వాలు రోడ్డులో ఉండే, అందరూ గౌరవంగా 'అపా' (పెద్దమ్మా) అని పిలిచే రైగుల్ అపా, పెద్ద ముత్తైదువ కాబట్టి, లోడర్ మీద గుప్పిళ్లతో మిఠాయిలు చల్లింది. ఒక పెద్దాయన అరచేతులు చాచి దీవించాడు. తొట్టికి తెల్లటి కండువా కట్టారు.

"ఎక్కడ పెట్టమంటారు, ఓరెకె?" అని అడిగాడు లోడర్ డ్రైవరు, పేరును గౌరవంగా కుదించి. "గుమ్మం పక్కన ఆపనా?"

"గుమ్మం పక్కనా? ఇంటికొచ్చిన అతిథిని చెప్పులు విడిచే చోట కూర్చోబెడతావురా? తోర్‌లో పెట్టు!"

తోర్ అంటే గుమ్మానికి ఎదురుగా, లోపలి గోడ దగ్గర పెద్దలు కూర్చునే చోటు. అక్కడ కూర్చోబెట్టకపోతే మా వాళ్లలో చుట్టరికాలే తెగిపోతాయి. లోడర్‌ను తోర్‌లో నిలబెట్టి, చిరునవ్వులతో ఫొటో దిగి, అందరూ విందుకు వెళ్లారు.

విందు జరుగుతుండగా ఉప్పు లారీలు వచ్చాయి. గుమ్మం దాకా నింపాలని వాళ్లకు ఆదేశం. గుమ్మం దాకా నింపారు. (ఆదేశాన్ని ఇంత తు.చ. తప్పకుండా పాటించడం మా శాఖ చరిత్రలో ఇదే మొదటిసారి.) రైల్లో తడిసి వచ్చిన ఆ ఉప్పు కొద్ది రోజుల్లోనే గడ్డకట్టి గోడలా నిలబడింది.

మొదటి మంచు పడి రోడ్లు గాజులా మారిన రోజున బెయ్‌బిత్ సమావేశం పెట్టాడు.

"లోడర్ ఏది?"

"ఉప్పు వెనకాల ఉందండి, బెకె."

"అయితే ఉప్పు తీయించు."

"తీయాలంటే లోడర్ కావాలండి."

బెయ్‌బిత్ టీ తాగుతూ ఆలోచించాడు. ఆయన నిదానస్తుడు.

"పోనీ ఒకటి అద్దెకు తెద్దామండి," అన్నాడు ఓరల్‌బై.

"ఉన్న యంత్రానికి అద్దె కట్టమంటావా? రేపు ఆడిటర్‌కు ఏం చెప్పను?"

"పారలతో తవ్విస్తా."

"పూర్తిగా యంత్రాలతో నడిచే గోదాము అని బోర్డు పెట్టాం కదయ్యా! పారలన్నీ అప్పుడే తోటల శాఖకు ఇచ్చేశాం. అయినా, తోర్‌లో కూర్చున్నవాళ్లని నువ్వు లేవమంటావా, నేను లేవమనాలా?"

ఇంతలో ఓరల్‌బై ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సులో వస్తున్నాం. నువ్వేం కంగారు పడకు. మీ రోడ్డెలా ఉంది?"

"రోడ్డా..." ఓరల్‌బై కిటికీలోంచి చూశాడు. "మెరుస్తోందమ్మా."

ఆయన టోపీ కూడా పెట్టుకోకుండా వాలు దగ్గరికి పరిగెత్తాడు. రెండు అడుగులు ఎక్కి, మూడు అడుగులు జారి కిందపడ్డాడు. ఆయనకు భయం వేసింది, అంతకంటే సిగ్గు వేసింది. లోడర్‌ను అక్కడ పెట్టించింది ఏ కమిటీయో అయితే తిట్టుకోవచ్చు. పెట్టించింది తనే.

రైగుల్ అపా వాకిట్లోంచి చూసింది.

"ఏరా ఓరల్‌బై, ఆవేళ ఇనుప బండి మీద నా చేత మిఠాయిలు చల్లించావే! ఉప్పు చల్లడానికి ఎవర్ని పిలిచావు?"

"అపా, నా కూతురు..."

"తెలుసులే. ముందు ఆ మంచులోంచి లే!"

చలికాలానికి కోసిన గుర్రం మాంసం ఊరబెట్టడానికి ఇంటింటా బస్తాడు రాళ్లుప్పు తెచ్చుకునే రోజులవి. అపా తన బస్తా విప్పి పక్కింటి వాళ్లను కేకేసింది.

"ఇంట్లో ఉన్న ఉప్పంతా పట్టుకురండే! మాంసం బయట మంచులో నాలుగు రోజులు ఆగుతుంది. బిడ్డ ఆగుతుందా?"

వీధిలోని ఆడవాళ్లు వరుసగా నిలబడి, మిఠాయిలు చల్లినట్టే గుప్పిళ్లతో ఉప్పు చల్లారు. ఓరల్‌బై బస్తాలు మోశాడు. మంచు కరకరలాడుతూ విరిగింది. అంబులెన్సు వచ్చి, ఒకసారి తడబడి, పైకి ఎక్కేసింది. మనవరాలు పుట్టిందని కబురు రాగానే ఓరల్‌బై ఖాళీ బస్తా మీద కూలబడి భోరున ఏడ్చాడు. అపా ఆయన నెత్తిన తన శాలువా కప్పి, గొప్ప మేనేజర్‌వి దొరికావులే అంది.

వసంతంలో శాఖ నివేదిక వెలువడింది. కొత్త గోదాము వల్ల ఈ చలికాలం ఒక్క గింజ ఉప్పు కూడా వృథా కాలేదని అందులో సగర్వంగా ప్రకటించారు. ఆసుపత్రి వాలుకు జరిగిన సేవనూ శాఖ మరిచిపోలేదు. వచ్చే చలికాలపు పరికరాల ప్రణాళికలో, లోడర్ కింది వరుసలో ఇలా చేర్చారు: "రైగుల్ అపా, ఒకటి. ఇంధనం అక్కర్లేదు."