లేని ఇంటికి మరమ్మతు

వానలు మొదలైనప్పటి నుంచి మేస్త్రీకి పని లేదు. ఆ ఉదయం ఆయన అనుకున్నదల్లా ఒకటే. తన పనితనం ఫోనులో నలుగురికీ చూపించి, సాయంత్రానికి కనీసం ఒక గోడ పనైనా సంపాదించాలి. ఆ బాధ్యత బామ్మర్దికి అప్పగించాడు. మేస్త్రీ కట్టినవన్నీ అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు, అవి పెడితే ఎవడు చూస్తాడు? బామ్మర్ది కంప్యూటరుకు చెప్పి వేరే ఇల్లు గీయించాడు. గిజిగాడి గూడులాంటి కప్పు, చెట్టు మొదళ్ళలాంటి స్తంభాలు, గోడ దాకా ఎక్కి అక్కడే ఆగిపోయిన మెట్లు. కింద "మన పూర్వీకుల ఇల్లు. మరమ్మతు చేసింది మా బావ" అని రాసి పెట్టాడు.

మధ్యాహ్నానికి జనం విరగబడి చూశారు. ఆ మెట్లు మనుషులకు కావనీ, గాలి పైకెక్కడానికి కట్టినవనీ ఒక రిటైర్డు లెక్చరరు తేల్చేశాడు. "ఆ కిటికీలోనే కూర్చోబెట్టి మా నాయనమ్మ నాకు జడ వేసేది" అని ఒకావిడ రాసింది. ఏసీ గదిలో కూర్చుని మట్టిగోడను పొగడటానికి మనవాళ్ళకు పోయేదేముంది.

"బావా, ఇల్లు చూడ్డానికి వస్తామంటున్నారు."

"ఏ ఇల్లురా?"

బామ్మర్ది చెప్పాడు. మేస్త్రీ తల పట్టుకున్నాడు.

"నీ దుంప తెగ. దొంగబొమ్మని తెలిస్తే నాకు కోళ్ళగూడు పని కూడా ఎవడూ ఇవ్వడు. ఇంకా పని జరుగుతోంది, రావద్దని రాయి."

గంటలో మేస్త్రీ ఇంటి ముందు వీధి నిండిపోయింది. "మరమ్మతు అయిపోయిందన్నావు, మళ్ళీ పనేమిటి? కూల్చేస్తున్నావు కదూ" అని నిలదీశారు. వాళ్ళ వెనకే మునిసిపల్ అధికారి జీపు దిగాడు.

మేస్త్రీ బల్ల ఎక్కాడు. "బాబూ, ఆ ఇల్లు లేదు. ఎప్పుడూ లేదు. అది కంప్యూటరు గీసిన బొమ్మ."

"చూశారా, కూల్చేసి పైగా లేనే లేదంటున్నాడు," అంది జడావిడ. "మరి నాకు జడ ఎక్కడ వేశారయ్యా?"

"మీ నాయనమ్మను అడగండమ్మా."

"ఆవిడా పోయింది, ఇప్పుడు ఇల్లూ పోయింది."

భార్య ఆయన చెవి దగ్గర గొణిగింది. "కూల్చానని ఒప్పేసుకోండి. ఏదో ఒక పని చేశారన్న పేరైనా వస్తుంది."

అధికారి బొమ్మను చూశాడు. జనాన్ని ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. "కూల్చిన ఇంటిని ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టాలి. పార్కు పక్కన స్థలమిస్తాం, సామానూ కూలీ మావే. ఆ పద్ధతి తెలిసినవాడు ఇతనొక్కడే, ఇతనే కట్టాలి."

మేస్త్రీ నోరు తెరిచాడు. భార్య కాలు తొక్కింది. మూసుకున్నాడు.

ఇల్లు లేచింది. తలుపులు తెరిచిన రోజే ఫిర్యాదు కూడా వచ్చింది: అంతా బాగానే ఉందిగానీ, పాత ఇంటి కళ రాలేదని.