రెండో సీజన్‌లో మొదటి రోగి

కొరియా డాక్టరు సీరియల్ కొత్త సీజన్ మొదలయ్యే రోజు జమున వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పొద్దున్నే వాకిలి ఊడ్చి సానుపు చల్లాలి. పప్పూ అన్నమూ తొందరగా దించేయాలి. రెండేళ్ల అమ్ములుకు తినిపించి ఉయ్యాలలో వేసి, అది పడుకోగానే గది తలుపు దగ్గరగా వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కటంటే ఒక్క ఎపిసోడ్ చూడాలి.

ఆ సీరియల్లో ఒక డాక్టరు ఉంటాడు. నవ్వడు. ఎవరికీ అంతుబట్టని రోగాల గుట్టు విప్పడం ఆయన పని. ఆయన తెలుగులో మాట్లాడుతుంటే పెదవులు ముందే ఆగిపోతాయి, అయినా జమునకు ఆయన మాట వేదం. నర్సు కావాలనుకున్న పిల్ల ఆమె. ఇంటర్ మధ్యలో పెళ్లి కుదిరి చదువు ఆగింది కానీ రోగాల మీద ఆసక్తి ఆగలేదు. అమ్ములు పుట్టాక ఆ ఆసక్తి కాస్తా భయంగా మారింది. మొదటి సీజన్ నడిచినన్నాళ్లూ పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులు, ఏడిస్తే మెదడు, ఏడవకపోతే మరీ పెద్ద మెదడు జబ్బు గుర్తుకొచ్చేవి.

పథకం ఉయ్యాల దగ్గరే చెడింది. అమ్ములు కళ్లు మూస్తేనా! పాట పాడితే తనూ పాడింది. జోకొడితే తల్లినే జోకొట్టింది. అప్పుడు అత్త లింగవ్వ గడప దగ్గరికొచ్చి చేతులు చాపింది.

"నా దగ్గరియ్యి పోరిని. నువ్వు పోయి నీ బొమ్మ చూస్కో."

"మీకు పని లేదా అత్తమ్మా?"

"పనేం పని? నా మనుమరాలి కంటె ఎక్కువనా? పో, పో."

ఫోను చూస్తే చాలు మొహం మాడ్చుకునే అత్త ఇంత ప్రేమగా పొమ్మంటే అనుమానించాలి. నవ్వని డాక్టరైతే తప్పకుండా అనుమానించేవాడు. జమున మాత్రం పిల్లను అప్పగించి గదిలోకి పరుగెత్తింది.

ఇంటి వెనక కొట్టం పక్కన అప్పటికే రాళ్ల పొయ్యి మీద పెద్ద గంజులో నీళ్లు ఉడుకుతున్నాయి. దాని నిండా మోదుగు పూలు. వాటిని చేనుగట్టు నుంచి తువ్వాలలో మూట కట్టుకొచ్చినవాడు మామ హనుమండ్లు. ఎండలు ముదరకముందే పిల్లలకు మోదుగు పూల నీళ్లు పోస్తే ఎండదెబ్బ తగలదని, చెమటకాయలు రావని ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటా నమ్మకం. పోశాక మామూలు నీళ్లతో కడగకూడదు, ఒంటి మీదే ఆరాలి. మంచి పని మరింత మంచిగా ఉండాలని లింగవ్వ ఆ నీళ్లలో చిటికెడు సున్నం కూడా వేసింది. దాంతో లేత రంగు నీళ్లు ఒక్కసారిగా చిక్కటి పసుపు పచ్చగా తిరిగాయి.

ఇది దొంగచాటుగా ఎందుకంటే, దానికో కథ ఉంది. పోయిన వానకాలం లింగవ్వ జలుబుకని పిల్ల ఛాతీకి ఏదో ఆకు పసరు రుద్దితే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆనాడు జమున ఏడ్చుకుంటూ ఒకే మాట చెప్పింది. "ఇంకోసారి పసరు గిసరు అన్నరంటే, పిల్లను తీస్కొని మంచిర్యాల మా అవ్వగారింటికి పోత. మళ్ల రాను." కొడుకు సాగర్ మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో నవ్వే నోరు అమ్ములుదొక్కటే. అందుకే లింగవ్వ భర్త చేత కూడా ఒట్టు వేయించుకుంది.

"నోరు తెరిస్తివో, నీకు ఇయ్యాల అన్నం బంద్."

"నేనెప్పుడన్న నోరు తెరిచిన్నానే ఈ ఇంట్ల?" అంటూ హనుమండ్లు ఉడికిన పూలు పిండసాగాడు.

గది లోపల కొత్త సీజన్ మొదటి ఎపిసోడ్ అదిరిపోతోంది. ఒక ఇల్లు. మొదట పాప అరచేతులు పసుపు పచ్చగా మారతాయి. తర్వాత పొట్ట. అందరికన్నా ముందు ముసలమ్మ "రేపటికి తగ్గిపోతుందిలే" అంటుంది. రేపటికి ముసలమ్మే ఉండదు. ఆ ఇంట్లో ఒక్కొక్కరూ పచ్చబడుతూ ఉంటే నవ్వని డాక్టరు కిటికీ దగ్గర నిలబడి "కారణం నాకు తెలిసిపోయింది" అంటాడు. అక్కడితో అయిపోయింది. ఆ కారణమేమిటో వచ్చే వారం చెబుతారట.

జమున ఇయర్‌ఫోన్లు తీసి ఇంటి వెనక్కి వచ్చింది. గోనెపట్టా మీద ఎండలో కూర్చుని అమ్ములు మట్టి తింటోంది. అరచేతులు పసుపు పచ్చ. పొట్ట పసుపు పచ్చ. అరికాళ్లు మరీనూ.

"అత్తమ్మా!"

ఆ కేకకు కొట్టంలో బర్రె లేచి నిలబడింది. లింగవ్వ గబుక్కున చేతులు కొంగులో దాచుకుంది.

"ఏమైంది పిల్లా, గట్ల మొత్తుకుంటవ్?"

"పిల్ల పచ్చగైంది! కండ్లు చూడుండ్రి, కండ్లు ఎట్లున్నయ్?"

"కండ్లు మంచిగనే ఉన్నయ్ కద."

"ఆఖరికి పచ్చవడేటియి కండ్లే! ఏం పెట్టిండ్రు దీనికి? నిజం చెప్పుండ్రి, ఏం తాపిండ్రు?"

"పోచమ్మ తల్లి మీద ఒట్టు! దాని నోట్లె నేను చుక్క పొయ్యలే."

అది అక్షరాలా నిజం. నిజం చెప్పిన ధైర్యంతో లింగవ్వ ఇంకో మాట కూడా అనేసింది. "జర ఫికర్ చెయ్యకు. రేపటికి పోతది."

అచ్చం ఆ ముసలమ్మ అన్న మాటే. "మీకెట్ల తెల్సు రేపటికి పోతదని? చేతులు చూపెట్టుండ్రి."

"నా చేతులకేమైంది?"

"చూపెట్టుండ్రి!"

కొంగు లాగితే బయటపడ్డవి పసుపు పచ్చని చేతులు. అప్పుడే కొట్టం వెనక నుంచి పిండిన పూలను ఎక్కడో పాతిపెట్టి వస్తున్న హనుమండ్లు ఎదురుపడ్డాడు. ఆయన చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. కోడలు అడిగేలోపే ఆయన నోరు గట్టిగా బిగించుకున్నాడు.

"మామకు మాట గూడ పడిపోయింది!" అంది జమున గోడకు ఆనుకుని.

మస్కట్‌కు ఫోను కలిసింది. ఏడుపు మధ్య ఆమె చెప్పిందంతా సాగర్ విన్నాడు. పసుపు పచ్చ అనే మాట వచ్చిన దగ్గరి నుంచి అటువైపు చప్పుడు లేదు.

"ఇంటున్నవా? నీ బిడ్డ పచ్చగైందంటున్న!"

"ఇంటున్న... ఇంటున్న. నెట్‌వర్క్ జర అటిటు అయితుంది."

"మీ అవ్వ ఏదో చేసింది. చెప్తలేదు."

"అవ్వనేం అనకు జమునా. పెద్దమనిషి. నువ్వు పరేషాన్ గాకు, రేపటికి..."

"రేపటికి అనకు! నువ్వు గూడ అనకు!"

"సరే, సరే, దవఖానకు తీస్కపో" అని ఆయన తనంతట తానే ఫోను పెట్టేశాడు.

ఊళ్లో ఆటో కొండల్‌ది. సాగర్ దోస్తు. పిలవగానే వచ్చాడు. జమున ఏడుస్తుంటే చూడలేక, అమ్ములును తనే ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. ఎండ మండుతోంది. పిల్ల ఒళ్లంతా చెమట. అత్తామామలతో సహా అందరినీ ఆటో ఎక్కించేసరికి కొండల్ తెల్ల అంగీ భుజం మీద, రెండు ముంజేతుల మీద పసుపు పచ్చ అంటుకుంది. అది అతనికి సగం దారిలో, హారన్ కొట్టబోయినప్పుడు కనబడింది.

ఆటో ఆగిపోయింది.

"వదినె... గిది చూడు. నాక్కూడ పట్టిందా ఏంది?"

జమున తన చేతులు చూసుకుంది. అవీ పచ్చగానే ఉన్నాయి. అయితే ఆ క్షణాన అందరికన్నా ఎక్కువ హడలిపోయింది లింగవ్వ. అంతదాకా ఆమెకు లోపల ధైర్యం ఉంది, ఇది రోగం కాదు, పూల రంగని. కానీ నీళ్లు పోసింది పిల్లకు. పిండింది ముసలాయన. కొండల్ మోదుగు పువ్వును ముట్టనే లేదు. మరి కొండల్ ఎందుకు పచ్చబడ్డాడు? పూల పక్కన నిజం రోగం కూడా ఏదో ఉన్నట్టే కదా!

"ఓ అయ్యా," అని హనుమండ్లు చెవిలో ఏడ్చింది, "నిజంగనే రోగమే వచ్చినట్టున్నదయ్యా."

హనుమండ్లు ఒట్టుకు కట్టుబడి తల మాత్రం ఊపాడు.

కొండల్ మిగతా దారంతా ఒక చేత్తో ఆటో నడుపుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని పెళ్లాంతో మాట్లాడాడు. "నేను ఇంటికొస్తే ముట్టుకోకు. అన్నం గోడ మీద పెట్టు, దూరం జరుగు. పోరగాండ్లను మీ అక్కోళ్లింటికి తోలియ్యి. ఏడ్వకు, ఇంకా సావలే."

మండల కేంద్రం బోథ్‌లో ఒక చిన్న ప్రైవేటు దవఖాన ముందు ఆటో దిగేసరికి వరండాలో బల్లలన్నీ నిండి ఉన్నాయి. కొండల్ చేతులు పైకెత్తి "జరగుండ్రి, అంటుకుంటది!" అన్నాడు. బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. మోకాళ్ల నొప్పులతో నడవలేనని వచ్చిన ఒక పెద్దమనిషి గేటు దాకా ఉరికాడు. చీటీ లేకుండా, వరస లేకుండా ఐదుగురూ నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లారు.

డాక్టరు అలేఖ్య వయసులో జమున కన్నా రెండు మూడేళ్లు పెద్దది కావచ్చు. రాత్రంతా డ్యూటీ చేసిన కళ్లు. అమ్ములు కళ్లూ నాలుకా చూసి, పొట్ట నొక్కి చూసి, "ఎప్పటి నుంచి?" అంది.

జమునకు ఇన్నాళ్ల చదువంతా ఒక్కసారిగా పనికొచ్చింది. "మొదలు అరచేతులు, మేడం. తర్వాత కడుపు. ఇంట్ల ఒక్కొక్కరికి పాకుతుంది. కండ్లు ఆఖరికి పచ్చవడ్తయ్. ముందు ముసలామెకే ప్రాణం మీదికొస్తది..."

"నాకా?" అంది లింగవ్వ.

డాక్టరు చెయ్యి పైకెత్తింది. "ఆగండి, ఆగండి. కొత్త సీజన్ వచ్చిందా?"

"ఇయ్యాలనే వచ్చింది మేడం."

"చెప్పకండి! నేనింకా చూడలేదు."

"మేడం, నేను చెప్తున్నది నా బిడ్డ సంగతి!"

"ఎంతవరకు బిడ్డ సంగతి, ఎక్కడి నుంచి సీరియల్ సంగతి? అది చెప్పండమ్మా."

జమున నోరు తెరిచింది. ఎంత వెతుక్కున్నా ఆ గీత ఆమెకు దొరకలేదు. నోరు తెరిచి ఉండగానే కళ్లలోంచి నీళ్లు కారాయి. "నాకు తెల్వదు మేడం. నాకు ఒక్కతే బిడ్డ. దీనికేమన్న అయితే నేను బతక."

డాక్టరు మొహంలో నవ్వు పోయింది. "సరే, భయపడకండి. రక్తపరీక్ష చేద్దాం" అని నర్సును పిలిచింది. నర్సు అమ్ములును ఒళ్లో కూర్చోబెట్టుకుని, స్పిరిట్ దూది తీసుకుని చేతి మీద రుద్దింది. దూది పసుపు పచ్చగా వచ్చింది. రుద్దిన చోట మాత్రం అమ్ములు అసలు రంగు కనబడింది. నర్సు ఇంకో దూదితో ఇంకో చోట రుద్దింది. అక్కడా అంతే. ఏమీ మాట్లాడకుండా కొండల్ చెయ్యి పట్టుకుని రుద్దింది. కొండల్ కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుండగానే అతనికి రోగం కుదిరిపోయింది.

డాక్టరు దూదిని వాసన చూసింది. "ఏం పూశారు పిల్లకు?"

"మోదుగు పూలు!" అని లింగవ్వ గట్టిగా అరిచింది. "రంగే తల్లీ! నా మోదుగు పూల రంగే! చెమటకు కొండల్‌కు అంటుకున్నది. రోగం కాదు, నా బంగారానికి ఏ రోగం లేదు!" ఆమె చప్పట్లు కొట్టి, కొండల్‌ను కావలించుకుని, అమ్ములును ముద్దుపెట్టుకుంది. అప్పుడు గానీ తను ఏం ఒప్పుకుందో ఆమెకు తెలియలేదు.

జమున ముందు పిల్లను గుండెకు హత్తుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా తలెత్తింది.

"కొండలన్నా, మంచిర్యాల బస్సు ఎక్కడ ఆగుతది?"

లింగవ్వ ఒక్కసారి భర్త వైపు చూసింది. ఆయన ఏదో అనబోతే కళ్లతోనే ఆపేసింది.

"తప్పు నాదే పిల్లా," అంది తల దించుకుని. "నాకే బుద్ధి పుట్టింది. ఎవ్వలు చెప్పలే. తిడ్తవా తిట్టు, నాలుగు రోజులు అన్నం పెట్టకు. పోరిని మాత్రం తీస్కపోకు."

జమున పెదవి కొరుక్కుంది. జాలి పడాలో, కోపగించాలో తేలకముందే చేతిలో ఫోను మోగింది. మస్కట్ నుంచి వీడియో కాల్. తెర మీద సాగర్ మొహం చెమటలు కారుతూ ఉంది.

"జమునా, ఏమైంది? సబ్బు పెట్టి రుద్దిండ్రా? రంగు పోయిందా?"

జమున ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"రంగని నీకెవరు చెప్పిండ్రు?" అంది జమున.

సాగర్ మొహం తెర మీద కదల్లేదు. అతని వెనకాల ఫ్యాను తిరుగుతోంది కాబట్టి నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు.

ఇక హనుమండ్లు వల్ల కాలేదు. అన్నం పోతే పోయిందనుకుని నోరు తెరిచాడు. "వాడే బిడ్డా! మొన్న ఫోన్ల వాడే చెప్పిండు. నాకు చిన్నప్పుడు పోసినట్టే నా బిడ్డకు గూడ పొయ్యుండ్రి, జమునకు చెప్పకుండ్రి, అన్నడు. సున్నం గూడ వాడే యాది చేసిండు."

"నువ్వూకో" అంది లింగవ్వ. కానీ ఆ మాటలో బలం లేదు.

జమున అత్త వైపు చూసింది. మనుమరాలు దూరమవుతుందని తెలిసి కూడా కొడుకు పేరు బయటపెట్టని మనిషి, పచ్చటి చేతులతో కొంగు నలుపుకుంటోంది. రేపు తన అమ్ములు ఏదైనా చేస్తే తనూ ఇట్లాగే చేస్తుందేమోనని జమునకు అనిపించింది. ఆ ఆలోచన ఆమెకు అస్సలు నచ్చలేదు, అయినా ఫోను తీసి లింగవ్వ చేతిలో పెట్టింది.

"అత్తమ్మా, మీ కొడుకు. పొద్దున్నుంచి మీరు పడ్డ తిట్లన్ని ముందు మీరు అప్పజెప్పుండ్రి. తర్వాత నాకియ్యుండ్రి. నాకు జర ఎక్కువ టైం పడ్తది."

"అవ్వా, గట్ల కాదే, నేను ఏమన్ననంటే..." సాగర్ మొదలుపెట్టాడు.

"ఏమన్నవురా? దొంగ సచ్చినోడా, కోడలు నన్ను పోలీసు లెక్క అడుగుతుంటే నువ్వు నెట్‌వర్క్ లేదంటవా!"

డాక్టరమ్మ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. ఇది మాత్రం ఆమె మధ్యలో ఆపలేదు.

ఆ రోజు శుక్రవారం, మస్కట్‌లో అందరికీ సెలవు. సాగర్‌కు ఒక్కడికే ఉన్నట్టుండి డ్యూటీ పడిందట.